"చెప్ప" అనడం నేర్పిన అక్క

నా చిన్నప్పుడు బొంబాయి దగ్గరి కామత్‌ఘర్‌లో మా అమ్మకు రాని విద్య ఒక్కటే, ఇంటికొచ్చిన మనిషి ఏదైనా అడిగితే కాదనడం. చాయ్ ఇచ్చిన చేత్తోనే జవాబు కూడా ఇవ్వాలనుకునేది. బాపు జీతమెంత, అత్తతో పొసగుతుందా లేదా, అన్నీ చెప్పేసేది. మా వాడలో ఆడవాళ్ళందరూ అంతే.

అట్లాంటి మా మధ్యకు బొంబాయి కాలేజీ నుంచి ఒక అక్క వచ్చింది. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసి బతికేవాళ్ళ కష్టసుఖాలు అడిగి తెలుసుకుని పుస్తకం రాస్తుందట. ఆమెది పుస్తకాల తెలుగు, మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. నా మనుషులే, ఏదడిగినా చెప్తారని మా సేటు ఆమెకు ముందే మాటిచ్చేశాడు. కార్ఖానా ఆయనదే, మేముండే ఖోలీ ఆయనదే. ఇంక కాదనేదెవరు?

కండెలు చుట్టే ఆడవాళ్ళ నడుమ కూచుని అక్క ఏవో ప్రశ్నలడిగింది. అందరూ తలొంచుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్లు అప్పజెప్పారు. అక్క అడగడం ఆపేసింది. సేటు ఒప్పుకుంటే మీరు ఒప్పుకున్నట్టు కాదంది. ముందు నన్ను కాదనడం నేర్చుకోండి, తర్వాతే అడుగుతానంటూ ఒక ఆట పెట్టింది. తను ఏదడిగినా చెప్పను అనాలి, మా యాసలో "చెప్ప" అనాలి, అంతే.

ఈరోజు ఏం కూరని మొదట మా అమ్మనే అడిగింది. అమ్మ ఠక్కున పచ్చిపులుసు అంది. అందరూ గొల్లుమన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ పచ్చిపులుసే, పైగా తిని పొమ్మంది కూడా. నాకు మాత్రం మొదటిసారికే వచ్చేసింది, మొండికేయడం పిల్లలకు ఒకరు నేర్పాలా? చివరికి అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతూ "చెప్ప" అంది. ఆ పూటంతా బాపుతో, నాతో అదే మాట అంటూ తిరిగింది.

కాదనడం వచ్చాకే అమ్మ మనసు విప్పి అక్కతో అసలు మాట చెప్పింది. బాపు చేయి సాంచ పట్టాలో పడి నలిగితే, ఇంట్లో జారిపడ్డాడని దవాఖానలో చెప్పమన్నది సేటేనని. చెప్పినంతసేపు బాగానే ఉంది, చెప్పాక భయం పట్టుకుంది. సేటు చెవిన పడితే మేము ఖోలీ ఖాళీ చేయాల్సిందే.

కొన్నాళ్ళకు సేటు కార్ఖానాలోనే అక్కకు చాయ్ తెప్పించాడు. మావాళ్ళు నా గురించి ఏం చెప్పారు, ఎవరు చెప్పారని నవ్వుతూనే అడిగాడు. అమ్మ చరఖా ఆగిపోయింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను.

అక్క గ్లాసు కింద పెట్టి, అచ్చం మాలాగే అంది: "చెప్ప సేటు. ఎవలు చెప్పిన్రో గది సుత చెప్ప."

సేటు నవ్వు పోయింది. నిన్ను రానిచ్చిందే నేను కదా అన్నాడు. అక్క అవునంది, అందుకు దండం పెట్టింది, మాట మాత్రం మార్చలేదు. రేపటి నుంచి ఇటు రావద్దన్నాడు. నెలల తరబడి చేసిన పని సగంలో ఆగిపోతుందని ఆమెకు తెలుసు. అయినా లేచి నడిచింది. అంత ధైర్యం నేను అప్పటిదాకా చూడలేదు, ఆ తర్వాతా ఎక్కువ చూడలేదు.

కూరగాయల వంకతో అమ్మ నన్ను తీసుకుని ధామన్కర్ నాకా చౌరస్తాకు పోయి, ఆటోల దగ్గర అక్కను కలిసింది. నీ మాట పుస్తకంలోంచి తీసేయమంటే ఇప్పుడే తీసేస్తానంది అక్క. అమ్మ అక్క చేయి పట్టుకుంది.

"పేరు తీసెయ్. మాట ఉండనియ్ బిడ్డా."

ఆ మాట ఎవరిదో సేటుకు ఎప్పటికీ తెలియలేదు. మా ఖోలీ మాకు మిగిలింది.

ఇప్పుడు నా తల నెరిసింది, ఇంటికి కోడలొచ్చింది. ఎవరినేం అడిగినా, కాదనే వీలు వాళ్ళకుందా లేదా అని ముందు చూసుకుంటాను. మొన్న కోడలు కళ్ళు తుడుచుకుంటుంటే ఏమైందని అడిగాను.

"చెప్ప అత్తమ్మా" అంది.

మా అక్క గుర్తొచ్చి, సరే బిడ్డా అని లేచి చాయ్ పెట్టాను.