కంపోజింగు గదిలో నా స్టూలు

ఆ రోజుల్లో పని నేర్పమని వెళ్తే ముందు చేతులు చూసేవారు. నా విషయంలో మాత్రం అందరూ కాలు చూశారు. చిన్నప్పటి పోలియోతో నా ఎడమ కాలు సన్నబడిపోయింది. భీమడోలులో ప్యాసింజరెక్కి ఏలూరులో దిగి, స్టేషను నుంచి పదకొండు వందల నలభై అడుగులు నడిచి (ఇవి నా అడుగులు, మా నాన్నవి తొమ్మిది వందల అరవై) ప్రెస్సుకి వెళ్ళేసరికి, యజమాని గారు తల అడ్డంగా ఊపారు. "కంపోజింగు నిలబడి చేసే పనమ్మా. సీసపు అక్షరాలు గళ్ళపెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి పేర్చాలి. రోజంతా నిలబడాలి." "కూర్చుని ఏరితే అక్షరాలు రామంటాయాండీ?" అన్నాను. నాన్న నా మోచేయి గిల్లారు. యజమాని గారు నవ్వేసి, నెల రోజులు చూద్దామన్నారు. ఈలోగా పని పట్టుబడకపోతే ఇంటికే.

వడ్రంగి ఇరవై ఎనిమిది అంగుళాల స్టూలు చేసి (నేను కొలిచాను, పావు అంగుళం తక్కువ), ఊగకుండా నా పెట్టె ముందు నేలకు బిగించాడు. తీరా కూర్చుంటే పై వరుస గళ్ళు అందవు! మా ప్రెస్సుకి వచ్చేవన్నీ పెళ్ళి పత్రికలే. ముప్ఫై పత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కవేశాను. అడుగడుక్కీ కావలసిన ‘శ్రీ’, ‘చి’ పై మూలన ఉన్నాయి. ఎప్పుడో గానీ రాని ‘ఝ’, ‘ఠ’ చేతి కిందే ఉన్నాయి. వాటిని అటూ ఇటూ మార్చేశాను. అది చూసి మా మేస్త్రి గారు (కంపోజింగులో అందరికన్నా పెద్దాయన) మండిపడ్డారు. "ఇరవై రెండేళ్ళుగా కళ్ళు మూసుకుని ఏరుతున్నానే. నీ కోసం అక్షరాలు ఇళ్ళు మారాలా?" "నా పెట్టె వరకేనండీ," అన్నాను.

ఇరవై ఏడో రోజు పొద్దున్న, తాడేపల్లిగూడెం నుంచి ఒక కిరాణా వ్యాపారి తన కొడుకు పెళ్ళి పత్రిక ప్రూఫు చూసుకోవడానికి వచ్చారు. చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఏవండీ, ఈ ‘ఝమతి’ అంటే మా ఆవిడేనాండీ? అబ్బాయి పేరు ముందు ఈ ‘ఠ’ ఏమిటండీ, డిగ్రీయా?"

యజమాని గారు నా వైపు తిరిగారు. తప్పులన్నీ నా పెట్టెలోని అక్షరాలతోనే. నేను పెన్సిలు తీసి వివరించబోయాను: తప్పులు పదకొండు, పదకొండూ నేను మార్చిన గళ్ళవే, కాబట్టి ఇది పాత గళ్ళకు అలవాటుపడ్డ చేతి పనే అని. "నీ గళ్ళలో నువ్వే తికమకపడ్డావు. లెక్కలు తర్వాత, ముందు క్యారేజీ సర్దుకో," అన్నారాయన.

"నేనేనండీ," అన్నారు వెనకనుంచి మేస్త్రి గారు. "నిన్న అమ్మాయి రైలుకి వెళ్ళాక కాసేపు ఆ స్టూలు మీద కూర్చుని ఈ పత్రిక పేర్చాను. మోకాళ్ళు లాగేస్తున్నాయండీ. చెయ్యి దాని దారిన అది పాత గళ్ళలోకే పోయింది."

ముందుగా వ్యాపారి గారే పకపకా నవ్వారు. "పోనీలెండి, ఇది మాత్రం ఝమతి గారికి చూపించకండి!" అప్పుడు మిగతా ఇద్దరు కంపోజిటర్లూ మెల్లిగా నోరు విప్పారు. "మధ్యాహ్నాలు అమ్మాయి అన్నానికి లేచినప్పుడు మేమూ కూర్చున్నామండీ." యజమాని గారు మమ్మల్ని ఒక్కొక్కరినే ఎగాదిగా చూసి, వడ్రంగికి కబురు పెట్టారు. ఇంకో మూడు స్టూళ్ళు వచ్చాయి. నా పని ఖాయమైంది.

నా లెక్కే నన్ను నిలబెట్టిందని ఇంట్లో వారం రోజులు చెప్పాను. తర్వాత చాలా ఏళ్ళు అందరికీ చెప్పాను. ఈమధ్య నా మంచి కాలి మోకాలు కూడా మొరాయించడం మొదలుపెట్టాక ఆ గది మళ్ళీ కళ్ళముందు మెదిలింది. నా లెక్క వినే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. మేస్త్రి గారు ఊరుకుని ఉంటే ఆయన ఇరవై రెండేళ్ళ పేరు ఆయనకు దక్కేది, నేను సాయంత్రం దాకా ఆగకుండా ముందు రైలే పట్టుకునేదాన్ని. తప్పులు పదకొండని క్షణంలో తేల్చిన ఆ గడుసుపిల్లకి, మేస్త్రి గారికి ఒక్క దండం పెట్టాలని మాత్రం తోచలేదు.