ఎల్లమ్మ ఒక్కసారే పలికిన పేరు

రెండువేల ఇరవై మూడు వేసవి. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద మా డబ్బింగ్ స్టూడియో. సౌండ్ ఇంజనీరుగా నాకు అప్పటికే పాతికేళ్ళ సర్వీసు. జూబ్లీహిల్స్‌లో ఒక కాలనీ వారసత్వ సంఘం వాళ్ళు తమ కొండ కథను అరగంట చిత్రంగా తీస్తున్నామనీ, శబ్దం పని నన్ను చూసిపెట్టమనీ అడిగారు. బండలు కొట్టి కాలనీ కట్టిన రోజుల గురించి, ఇంకా మిగిలిన గుట్టల్ని కాపాడుకోవడం గురించి అన్నారు. మంచి పనే కదా అని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక తెలిసింది, నేను ఎందులో తల దూర్చానో.

వాళ్ళ మీటింగులకు లెక్కే లేదు. డ్రోన్ షాట్లు ఎన్నుండాలి, చిత్రాన్ని చూపించే సభలో వేదిక మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, శాలువాలు ఏ రంగువి. ఒక మీటింగైతే పూర్తిగా సమోసాలా బిస్కట్లా అన్నదాని మీదే నడిచింది. కాపాడాల్సిన గుట్ట మీద సంఘం పేరు పెద్ద అక్షరాలతో రంగు వేయించాలని ఒకాయన పట్టుబట్టాడు. గుట్టను కాపాడేది ఇలాగా అని అడిగితే, కనపడాలి కదండీ అన్నాడు. నా ప్రాణం విసిగిపోయింది.

ఆ చిత్రం మొత్తంలో చెప్పడానికి ఏదైనా ఉన్న మనిషి ఎల్లమ్మ ఒక్కతే. డెబ్బై దాటింది, షేక్‌పేటలో కూతురి దగ్గర ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు భర్తతో కలిసి ఈ కొండ మీదే బండలు కొట్టింది. ఆమెను ఒక గుట్ట నీడన కూర్చోబెట్టి రికార్డు చేశాం. సంఘం కార్యదర్శి గారు ఫోను వచ్చిందని పక్కకు వెళ్ళారు. మిగిలింది కెమెరామన్, నేను.

కొట్టే ముందు బండను సుత్తెతో తట్టి వినాలని చెప్పింది ఎల్లమ్మ. ఖంగుమంటే గట్టి రాయి, డొల్లగా పలికితే లోపల పగులు ఉన్నట్టు. చెవితో బతికేవాణ్ణి కదా, నోరు తెరుచుకుని విన్నాను. బండ పగలగొట్టే తోటా పేలి భర్త ఇక్కడే పోయాడని కూడా చెప్పింది. ఆయన పేరేమిటమ్మా అని అడిగాను. ఆమె తరం ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. రేషన్ కార్డు రాసేచోట కూడా ఆ పేరు కూతురే చెప్పేదట.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఊరుకుంది.

"ఇన్ని గోడలు గట్టిండు సారూ. ఒక్క గోడ మీదన్న ఆయన పేరు లేదు. నేను గుడ జెప్పకపోతే ఎవలు జెప్తరు?"

కొంగు తీసేసి, మైకు వైపు చూసి, "నర్సయ్య" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆ పేరు పలకడం అదే మొదలని, వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని చెప్పింది. సభనాడు కూతురు లక్ష్మిని వెంట తెస్తానంది. అమ్మ నోటివెంట నాన్న పేరు వచ్చిందంటే ఆ పిల్ల నమ్మదట, చెవులారా వినాలట.

ఎడిటింగ్ అయ్యాక కార్యదర్శి గారు స్టూడియోకి వచ్చి విన్నారు.

"భాష మరీ రఫ్‌గా ఉందండీ ప్రసాద్ గారూ. పైగా గాలి చప్పుడొకటి. మంచి ఆర్టిస్టు చేత డబ్బింగ్ చెప్పించేయండి."

అది ఆవిడ కథ, ఆవిడ గొంతులోనే ఉండాలన్నాను.

"హీరోయిన్లకే చెప్పిస్తున్నాం కదండీ, ఈవిడకేంటి?"

నా ఖర్మ. తెర మీద మనిషి ఒకరు, గొంతు ఇంకొకరిది కావడం మా సినిమావాళ్ళ పేటలో వింతే కాదు. పేరు సంగతి కూడా విడమర్చి చెప్పాను. పేరు ఎలాగూ వినిపిస్తుందిగా అన్నారు. రెండు రోజులు వాదించి, మూడో రోజు అలసిపోయాను. రెండు సినిమాల పని నెత్తి మీద ఉంది. మీ ఇష్టం అనేశాను.

డబ్బింగ్ ఆర్టిస్టు మంచి పనిమంతురాలు. పెదాల కదలికకు మాట అతకడాన్ని లిప్ సింక్ అంటాం. వెంట్రుకవాసి తేడా రాలేదు. "నర్సయ్య" అన్న మాటను కూడా ఎక్కడా తడబడకుండా పలికింది. షూటింగ్‌లో నేరుగా రికార్డయిన ముడి శబ్దాన్ని పైలట్ ట్రాక్ అంటాం. డబ్బింగ్ ఓకే అయ్యాక దాన్ని ఎవరూ అడగరు. డిస్కులో చోటు కోసం తుడిచేయడం మా అలవాటు. తుడిచేశాను. కెమెరాలోని కార్డును అప్పటికే ఇంకో షూటింగ్‌కి వాడేశారు.

ఆదివారం పొద్దున కాలనీ హాల్లో సభ. వేదిక మీద జాగా చాలనంతమంది పెద్దలు, ఎల్లమ్మకు మాత్రం చివరి వరసలో కుర్చీ. నేను తల్లీకూతుళ్ళ పక్కనే నిలబడ్డాను. తెర మీద ఎల్లమ్మ నోరు కదిలింది, ఎవరిదో తియ్యటి గొంతు వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు. లక్ష్మి తల్లి వైపు తిరిగి, ఇది నువ్వు కాదు గదనే అవ్వా అంది.

ఎల్లమ్మ నన్ను చూసింది. "ఎవలు బిడ్డా ఆమె? నా పెనిమిటి పేరు ఆమె ఎందుకు జెప్తుంది?"

బయటికొచ్చి కార్యదర్శి గారిని పట్టుకుంటే, దానికేముందండీ, ఇంకోసారి రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేద్దాం అన్నారు తాపీగా. ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన్ని తిట్టడానికి నాకు మొహమెక్కడిది? తుడిచింది నా వేలే.

మరునాడు మైకు తీసుకుని షేక్‌పేట వెళ్ళాను. దాచకుండా చెప్పాను, నా చేత్తోనే చెరిపేశానమ్మా అని. ఇంకో టేక్ తీసుకుందామని అడిగాను. ఎల్లమ్మ కోప్పడలేదు. మైకును పక్కకు జరిపింది.

"మల్ల జెప్ప బిడ్డా. ఆ దినం ఆయన ముంగట ఉన్నట్టె అనిపిచ్చింది, జెప్పిన. ఊకె ఊకె జెప్పే పేరు గాదది."

పాతికేళ్ళుగా రోజూ "వన్ మోర్" అంటూ బతికినవాణ్ణి. రెండో టేకు లేని మాట ఒకటి ఉంటుందని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఇప్పుడు ఏ పైలట్ ట్రాకునూ తుడవను. డిస్కులు నిండిపోతున్నాయని మా యజమాని సణుగుతూనే ఉంటారు.

నేను లేవబోతుంటే ఎల్లమ్మ ఆపింది. "నువ్వు ఇన్నవ్ గద. మా బిడ్డకు జెప్పు."

లక్ష్మి వచ్చి ఎదురుగా కూర్చుంది. మీ అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుందనీ, చాలాసేపటిదాకా మాట రాలేదనీ, తర్వాత కొంగు తీసిందనీ చెప్పాను.

"తీసి, ఏమన్నది?"

ఎల్లమ్మ తల వంచుకుంది.

"నర్సయ్య" అన్నాను. ఆమె అన్నట్టు అనడం నాకు చేతకాలేదు.