విప్పించిన బరకం

కాకినాడ పోర్టు దగ్గర బియ్యం ఎగుమతి చేసే ఒక ఆఫీసులో నేను చేరి అప్పటికి రెండు నెలలు. గోదావరి జిల్లాల మిల్లుల నుంచే కాక ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా లారీలు వచ్చి మా గోడౌన్ ముందు వరస కట్టేవి. ఇక్కడ దిగిన బస్తాలు ఆఫ్రికా వెళ్లే ఓడలెక్కేవి. ఎవరి వంతు వచ్చిందో చూసి డ్రైవర్‌కి ఫోన్ చేయడం నా పని. అప్పుడతను సరుకు తడవకుండా లారీ మీద కప్పిన బరకం విప్పితే, శాంపిల్ వాళ్లు వచ్చి గింజ తీసి చూసేవారు.

ఆ మధ్యాహ్నం నిడదవోలు నుంచి వచ్చిన లారీకి ఫోన్ చేసి బరకం విప్పమన్నాను. డ్రైవర్ యాభై దాటిన మనిషి.

"సముద్రం మీద మబ్బు పట్టిందండి. వాళ్లొచ్చాక విప్పుతానండి," అన్నాడు.

వాళ్లు బయల్దేరారనీ, ఆలస్యమైతే వంతు పోతుందనీ చెప్పాను. నిజానికి వాళ్లింకా భోజనాల దగ్గరే ఉన్నారు. ఆ ఒక్క లారీ పని తెమిలితే నేనూ అన్నం తినొచ్చని నా తొందర.

పావుగంటలో వాన దంచేసింది. ఆయన ఒక్కడే బస్తాల మీదికెక్కి, గాలికి ఎగిరిపోతున్న బరకాన్ని లాక్కోవడం కిటికీలోంచి చూశాను. పై వరసలన్నీ తడిసిపోయాయి.

సాయంత్రానికి లారీ యజమాని వచ్చాడు. ఆఫీసులో అమ్మాయిగారే విప్పమన్నారని డ్రైవర్ చెప్పాడు. మేనేజర్‌గారు నన్ను పిలిచి అడిగారు.

"లేదండి. రెడీగా ఉండమన్నానంతే," అన్నాను.

డ్రైవర్ నావైపు ఒకసారి చూశాడు. "నేనే సరిగ్గా వినలేదేమోనండి," అన్నాడు.

మర్నాటి నుంచి ఆ లారీకి వేరే డ్రైవర్ వచ్చాడు. పాతాయన నంబర్ నా ఫోన్‌లో అలాగే ఉండిపోయింది. ఎన్నోసార్లు నొక్కి, మోగకముందే కట్ చేశాను. రెండేళ్లు గడిచాక ఒక ఆదివారం, కొత్త డ్రైవర్‌ని అడిగి తెలుసుకున్న గుర్తులతో నిడదవోలు రైలెక్కాను.

ఆయన ఇప్పుడొక మిల్లులో వాచ్‌మన్. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. నేను ఆ రోజు అబద్ధం చెప్పానన్నాను.

"తెలుసండి. నేను సరిగ్గానే విన్నాను."

"మరి అలా ఎందుకన్నారండి?"

"మీకు ఉద్యోగం పోద్దేమో అనిపించిందండి. మా అమ్మాయి ఈడే మీది. నాకెక్కడో ఒక బండి దొరక్కపోద్దా అనుకున్నాను."

దొరకలేదని ఆయన అనలేదు. గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్యే నెమ్మదిగా అంది: "సరుకు తడిపేశాడని పేరు పడ్డాక బండెవరిస్తారండి?"

కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాను. వెళ్లొస్తానన్నప్పుడు ఆయన వీధి చివరిదాకా వచ్చి ఆటో ఎక్కించాడు.

సోమవారం మేనేజర్‌గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన "ఇప్పుడెందుకమ్మా అదంతా," అని లారీల లిస్టు నా చేతికిచ్చారు. బయట వరస అప్పటికే రోడ్డుదాకా పెరిగింది. మొదటి నంబర్‌కి ఫోన్ చేశాను.