గుమ్మెటలో చేగోడీలు

ఎనిమిదో తరగతిలో నేను మూడేళ్ళు కూర్చున్నాను. మాస్టార్లు మారారు, గోడల రంగు మారింది, నేను మాత్రం మారనని తేలిపోయాక మా నాన్న నన్నే తెనాలిలో మావయ్య మిఠాయికొట్టుకి మార్చేశాడు. ఇప్పుడా కొట్టు నాదే. పొద్దున్నే మూకుట్లో నూనె కాగి, వాము కలిపిన చేగోడీలు పైకి తేలేసరికి ఆ వాసన వెంట శీనుగాడు గుర్తొచ్చి కడుపు మండుతుంది. గ్యాసు కాదు, అసూయే; నాకు రెండూ అలవాటే.

శీనుగాడంటే ఇవాళ ఊరూరా పాడే రాక్ బ్యాండుకి పెద్ద. చిన్నప్పుడు అంగలకుదురులో మా పక్కింటివాడు. వాళ్ళ తాత బుర్రకథ చెప్పేవాడు. దసరా ముందు, వానలు వెనకబట్టి వరి పొట్ట మీదుండే రోజుల్లో, ఆయన మమ్మల్ని గొడ్లసావిట్లో నిలబెట్టి, పచ్చగడ్డి వాసనా పేడ వాసనా ముక్కుల్లోకి పోతుండగా కథ నేర్పేవాడు. నడుమ తంబురాతో శీను, ఒకపక్క వాడి చెల్లెలు పద్మ, ఇంకోపక్క గుమ్మెట వాయించే హాస్యగాణ్ణి నేను. గుమ్మెటంటే ఒకవైపు తోలు బిగించిన మట్టికుండ. రెండోవైపు తెరిచున్న మూతిని అరచేత్తో మూసి తెరుస్తుంటే శబ్దం మునిగి తేలుతుంది. కథ ముగిసేదాకా ఎవరూ ఏమీ తినకూడదని తాత ఆన. పొట్ట నిండితే గొంతు లేవదనేవాడు.

ఆ ఏడు రేపల్లె పందిట్లో మా మొదటి కథ. అమ్మ ఇచ్చిన చేగోడీలు తాత కంటపడకుండా గుమ్మెటలో పోసి, మూతికి తువ్వాలు కుక్కి, ప్యాసింజరు రైల్లో కిటికీ పక్కన దొంగలా కూర్చున్నాను. పందిట్లో తువ్వాలు లాగాను గానీ లోపలివి తియ్యడం మరిచాను. మొదటి దెబ్బకే గలగలమంది. రెండో దెబ్బకి ఒక చేగోడీ దొర్లుకుంటూ వెళ్ళి ముందు వరసలో పెద్దాయన కాళ్ళ దగ్గర ఆగింది. పందిరంతా నవ్వు. "ఆగావేంట్రా, వాయించు!" అన్నాడు తాత పళ్ళ బిగువున. గలగలతోనే కథంతా నడిపాను. కిందికి దిగాక అందరూ చేగోడీలు ఏరుకుంటుంటే, శీను ఒక్కడే గుమ్మెటని చెవి దగ్గర పెట్టుకుని ఊపుకుంటూ నిలబడ్డాడు.

వాడు బాపట్లలో కాలేజీ చదువుతూ గిటారు నేర్చి, నలుగుర్ని పోగేసి, ఒకరోజు నా కొట్టుకొచ్చాడు. "కోటీ, గుమ్మెటకి నువ్వే రావాల్రా." కొట్టునిండా జనం, నా నోరు ఊరుకుంటుందా? "కరెంటు తీగల మధ్య మట్టికుండేంట్రా, షాకు కొడితే ముందు పగిలేది కుండా, నువ్వా?" అని పగలబడి నవ్వాను. వాడు చేగోడీల పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు.

తరవాత పొన్నూరులో వాళ్ళు పాడితే మైకు వాడొక్కడే చప్పట్లు కొట్టాడని విని మూడురోజులు హాయిగా నిద్రపోయాను. ఏ కంపెనీ గడపా తొక్కకుండా, మూతబడ్డ రైసుమిల్లు గోదాములో రికార్డు చేసుకుని, పాటలు వాళ్ళే ఫోన్లలోకి వదిలారు. ఇప్పుడు నా కొట్టు ముందు ఆగే ప్రతి ఆటోలోనూ అదే పాట, అందులో గలగల. గుమ్మెట పద్మ వాయిస్తుంది. లోపల చింతపిక్కలు పోస్తారట.

మొన్న బాపట్లలో వాళ్ళ కచేరీకి కొట్టు కట్టేసి వెళ్ళాను. మొదటి గలగలకే కుర్రకారు ఈలలు. నా అరచెయ్యి మోకాలి మీద దానంతటదే మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది. తాత లేడు, గొడ్లసావిడి చోట స్లాబు లేచింది, రేపల్లె పందిట్లో ఇప్పుడు రికార్డులే. మిగిలింది ఆ ఒక్క చప్పుడు, అదీ నాది కాకుండా.

అయ్యాక పొట్లం పట్టుకుని స్టేజీ వెనక్కెళ్ళి, "ఆ గలగల నాదిరా, స్టేజీ మీద అంతమందికి థాంక్సులు చెప్పావు, నా పేరేదీ?" అన్నాను నవ్వుతూనే. శీను పొట్లం అందుకుని విప్పాడు. పద్మ చేగోడీ కొరుకుతూ అంది:

"నీకోసం రెండేళ్ళు ఆ గుమ్మెట ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు కోటన్నా. హాస్యగాడి పని నవ్వించడం. ఆరోజు కొట్లో నువ్వే నవ్వావు."