కొరీన్ తీయించుకోని సి గ్రేడు

మిడిల్ స్కూలు మార్కులు ఎవరూ చూడరని వర్జీనియాలోని మా రోనోక్‌లో అందరూ ధైర్యం చెబుతారు. ఎనిమిదో తరగతిలోనే హైస్కూలు ఆల్జీబ్రా తీసుకున్న పిల్లలకు ఆ ధైర్యం పనికిరాదు. ఆ గ్రేడు హైస్కూలు మార్కుల రికార్డైన ట్రాన్‌స్క్రిప్టులోకి ఎక్కి కాలేజీల దాకా పోతుంది. టైర్ల షాపులో పనిచేసే డీడ్రా కూతురు కొరీన్‌కు అందులో సి వచ్చింది.

"మీ అమ్మ రాసిస్తే ఆ సి రికార్డులోంచి తీసేస్తారు, తీయించేద్దాం తల్లీ," అన్నాడు స్కూలు కౌన్సెలర్ ప్రూయిట్. "తొమ్మిదిలో ఆల్జీబ్రా మళ్లీ చదివి 'ఏ' గ్రేడు తెచ్చుకో. కాలేజీవాళ్లకు తెలియనే తెలియదు."

"మరి తొమ్మిదిలో చదవాల్సిన జామెట్రీ?" అని అడిగింది కొరీన్.

"ఒక్క ఏడాది ఆగుతుంది, అంతే."

"వచ్చిన లెక్కలే ఇంకో ఏడాది చెయ్యాలా సార్? నాకొచ్చింది సి, సున్నా కాదు."

ప్రూయిట్ కొరీన్ పక్కనున్న డీడ్రా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా. రేపు కాలేజీవాళ్లు చూస్తే?"

"చూడనివ్వండి," అంది డీడ్రా. "పదమూడేళ్ల పిల్లకు సి వచ్చిందని తలుపేసుకునే కాలేజీకి మా పిల్ల ఎందుకండీ?"

ఆగస్టులో తొమ్మిదో తరగతి మొదలవగానే కొరీన్ జామెట్రీ క్లాసులోనే కూర్చుంది. మొదటి పరీక్షకు మళ్లీ సి వచ్చింది. క్లాసు మారతావా అని టీచరు అడిగితే, రెండో పరీక్ష ఎప్పుడని ఎదురడిగింది.