క్షమాపణల విన్సెంట్

మా విన్సెంట్‌కు ఉన్న రోగం ఒక్కటే, సిగ్గు. పెళ్లిచూపుల్లో పడే సిగ్గు కాదు. తాను రాసిన ప్రోగ్రాం తప్పు చేస్తే, సొంత కొడుకు పక్కింటి అద్దం పగలగొట్టినట్టు తల దించుకునేవాడు. అక్కడితో ఆగినా బాగుండేది. లూనా ఎక్కి, ఆ తప్పు ఎవరికి తగిలిందో వాళ్ల గుమ్మంలోకే వెళ్లి క్షమాపణ చెప్పుకొచ్చేవాడు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. ఉక్కు ప్లాంటు పనికని తెలుగువాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ ఊరు మాది. నెహ్రూ నగర్‌లో మేడ మీద గది తీసుకుని మేమిద్దరం సాఫ్ట్‌వేర్ కంపెనీ బోర్డు కట్టాం. మేం ప్రోగ్రాం రాసిచ్చిన ఒక డాక్టరు బిల్లులో గున్నమ్మ అనే ఆవిడ వయసు పదేళ్లు ఎక్కువ పడిందని, ఊరవతల ఉతై దాకా వెళ్లాడు విన్సెంట్. "ఏటి బాబూ, నానేటి సేసినాను?" అని ఆవిడే భయపడి దణ్ణం పెట్టిందట. విని నేను తల పట్టుకున్నాను.

తర్వాత గురునాథరావు ఇనుప దుకాణానికి మెసేజీల ప్రోగ్రాం రాశాం. పనివాళ్లంతా ప్లాంటులో టోకెన్ నంబర్లకు అలవాటు పడ్డవాళ్లే కాబట్టి మనుషులకు నంబర్లే ఇచ్చాం. @ కొట్టి నంబరు వేస్తే ఆ మనిషి దగ్గర గంట మోగాలి. ఇనుప వ్యాపారులు అదే గుర్తును ధర ముందు కూడా వేస్తారన్న సంగతి మా ఇద్దరి బుర్రలకూ తట్టలేదు. పైగా మా ప్రోగ్రాం మొదటి అంకె చూడగానే గంట కొట్టేసేది. "మేకులు 10 కిలోలు @ 35" అని రాస్తే చాలు, మూడో నంబరు జగ్గయ్యకు పిలుపు వెళ్లేది.

జగ్గయ్య ప్లాంటులో రిటైరై, దుకాణం వెనక పెరట్లో లారీలు తూచే కాంటా చూసుకునేవాడు. తెర మీద అక్షరాలు ఆయన కళ్లకు ఆనవు. గంట మోగితే కుంటుకుంటూ ముందు గదికి రావడమే.

"పిలిసేరా బాబూ?"

"లేదు జగ్గయ్యా, పో."

ఆయన కాంటా దగ్గరికి చేరేసరికి ఇంకెవరో మేకులు కొనేవారు. అక్కడ లారీ డ్రైవర్లు హారన్లు కొట్టేవారు. చివరికి గురునాథరావు, "ఇంకోపాలి కాంటా ఒగ్గీసి వొచ్చినావంటే ఇంటికాడే కూకో" అనేశాడు.

విన్సెంట్ లూనా మీద పరిగెత్తాడు. అందరి ముందూ చేతులు జోడించాడు. "జగ్గయ్య మామా, నిన్ను పిలవలేదు, మేకుల ధర రాశారు. తప్పు నాది. మాఫ్ చేసీ."

"మేకులు పిలిసినా పలకాల కదా బాబూ" అన్నాడు జగ్గయ్య.

సిగ్గుతో నాకు చెమటలు పట్టాయి. విన్సెంట్‌ను బయటికి లాగి, "మన తప్పులు మనమే టముకు వేసుకుంటే పనెవరిస్తారు?" అన్నాను.

"తప్పు మనది, తిట్లు ఆయనకి. మనకి సిగ్గూ శరమ్ ఉండాలి కదా భయ్యా?"

రూలు మార్చాడు. ముందు నంబరు మొత్తం చదివించాడు. అప్పుడు మూడు రూపాయల బోల్టులు జగ్గయ్యను పిలిచాయి. మళ్లీ క్షమాపణ. ఆఖరికి, గుర్తుకు ముందు సరుకూ లెక్కా ఉంటే ధర, లేకపోతే మనిషి అని నేర్పాడు. గంట ఆగింది. జగ్గయ్య ఉద్యోగం నిలిచింది.

కొన్నాళ్లకు గురునాథరావు ఫోను. "ఏటయ్యా, సాయంత్రమయితే గంట మళ్లీ మోగుతంది."

వెళ్లాం. గుమస్తా భాగ్యరేఖ లెక్క కోసం "చాయ్ 8 @ 3" అని కొట్టింది. వెనక గంట మోగింది. జగ్గయ్య వచ్చాడు. "పిలిసేరా?"

"వొచ్చినావు కదా, కూకో మామా" అని ఆమె గ్లాసు చేతికిచ్చింది.

విన్సెంట్ తల దించుకున్నాడు. "ఈ ఒక్కటి నాకు చాతకావట్లేదు సార్. సిగ్గుగా ఉంది."

"పోనీలే, చాయ్ యేళకి లారీలు రావు" అన్నాడు గురునాథరావు.

బయటికొచ్చాక నిలదీశాను. "మేకులకి పనిచేసిన రూలు చాయ్‌కెందుకు పనిచెయ్యదు?"

విన్సెంట్ చెవులు ఎర్రబడ్డాయి. "చాయ్‌ని నేనే వదిలేశాను భయ్యా. గంట ఆగాక ఆయన్ని ఎవరూ పిలవట్లేదు. పొద్దల్లా కాంటా దగ్గర ఒక్కడే. చాయ్‌కి పిలవండని వాళ్లకి మనమెలా చెప్తాం?"

ఇన్నాళ్లూ వీడిని వెక్కిరించినందుకు నాకు నిజంగా సిగ్గేసింది. అయినా ఊరుకోలేక, "చాతకాదని అబద్ధం చెప్పడానికి నీకు సిగ్గెయ్యలేదా?" అన్నాను.

"బాగా వేసింది" అన్నాడు లూనా తొక్కుతూ. "రేపు వచ్చి, ఉత్తుత్తి గంటకి రోజూ నడిపిస్తున్నందుకు జగ్గయ్య మామకి క్షమాపణ చెప్పుకోవాలి. చాయ్ టైముకి రా, నువ్వు కూడా చెప్దువుగాని."