మంచం మీద బొమ్మ

అమెరికాలో, అల్ఫారెట్టా దగ్గర ఒక ఆసుపత్రిలో నేను నర్సులకు సీపీఆర్ నేర్పుతాను. ఆగిన గుండెను ఛాతీ నొక్కి మళ్ళీ నడిపించే పని అది. మొదట్లో అందరూ క్లాసురూముకు వచ్చి, నేల మీద పడుకోబెట్టిన ప్లాస్టిక్ బొమ్మ పక్కన మోకాళ్ళూని, నొక్కి, పాసై వెళ్ళిపోయేవారు. కానీ మా రోగులు నేల మీద ఉండరు. ఎత్తయిన మంచం మీద, మెత్తటి పరుపు మీద ఉంటారు.

మేనేజరును ఒప్పించి బొమ్మను వార్డుకే తీసుకెళ్ళాను. ఖాళీ గదిలో మంచం మీద పడుకోబెట్టి, డ్యూటీలో ఉన్నవాళ్ళను పిలిచాను.

ఆ వార్డులో నెల్లూరు నుంచి వచ్చిన ఒక సీనియర్ నర్సు ఉంది. నేను అక్కా అంటాను. మనిషి పొట్టి. మంచం పూర్తిగా దించినా, ఆమె ఎంత బలంగా నొక్కినా, బొమ్మకు తగిలించిన తెర మీద 'లోతు చాలదు' అనే వచ్చింది.

"ఇన్నేళ్ళ ఎక్స్‌పీరియన్స్ తర్వాత నాకు టెస్ట్ ఏంటమ్మా? అందరి ముందూ ఫెయిల్ చేయడానికి పిలిచావా?" అంది, ముఖం ఎర్రబడి.

"అయ్యో, మీ తప్పు కాదక్కా, మంచం హైట్‌ది. చూడండి, నాకూ రావట్లేదు."

నేనూ పొట్టిదాన్నే. నొక్కి చూపించాను. నిజంగానే రాలేదు.

స్టోర్‌రూములోంచి కాళ్ళకింద వేసుకునే స్టూలొకటి తెచ్చాం. అక్క దానిమీద నిలబడి, భుజాల బరువంతా చేతుల్లోకి దింపి నొక్కింది. తెర ఆకుపచ్చగా మారింది. ఆమె నవ్వలేదు. "ఇంకోసారి చేస్తా" అంది. తర్వాత ప్రతి వార్డులోనూ ఒక స్టూలు పెట్టించాం.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆ వార్డులోనే ఒక పెద్దాయన గుండె ఆగింది. నేను పరుగున వెళ్ళేసరికి అక్క స్టూలు మీద నిలబడి, పైకి లెక్కపెడుతూ నొక్కుతోంది. అక్క అలిసిపోతే తాను అందుకోవడానికి పక్కన ఇంకో నర్సు సిద్ధంగా ఉంది. కరెంటు షాక్ ఇచ్చాక గుండె తిరిగి కొట్టుకుంది. కొన్ని వారాలకు ఆయన భార్య చేయి పట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

ఆయన గుండె ఆగిన రోజు సాయంత్రం, బ్రేక్‌రూములో అక్క టీ కప్పు పక్కన పెట్టింది.

"పక్కటెముక విరిగిందే, నా చేతుల కింద. సౌండ్ వినిపించింది. ఒక్క క్షణం చేతులు ఆగిపోయాయి. నీ బొమ్మకి ఆ సౌండ్ లేదు కదా?"

లేదన్నాను.

"అట్టా జరుగుతుంది, ఆపొద్దని క్లాసులో చెప్పు."

"మీరే చెప్పండక్కా. నేను చెబితే పాఠంలా ఉంటుంది."

ముందు వద్దంది. తర్వాతి క్లాసుకు తనే వచ్చింది. ఎవరూ బొమ్మను ముట్టకముందే లేచి, ఆ చప్పుడు గురించీ, తాను ఆగిన క్షణం గురించీ దాచకుండా చెప్పింది. వెనక వరుసలో ఒక అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. తనకూ ఒకసారి అలాగే జరిగిందట. ఏదో తప్పు చేశానని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదట.

అక్క వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఆ రోజు ప్రాక్టీసు కాస్త ఆలస్యంగా మొదలుపెట్టాం.